రెండు వైర్ల మాస్టారు

ఆ ఆస్పత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల విభాగం ఒక్కటే. మిగతా అందరికీ, ల్యాబు అటెండరు దగ్గర్నుంచి పెద్ద సర్జన్ దాకా, ఆయన రెండు వైర్ల మాస్టారు. మాస్టారు అనిపించుకోవడానికి ఆయన ఏనాడూ బడిలో పాఠం చెప్పినవాడు కాదు. ఎవరేం అడిగినా జవాబు చెప్పి ఊరుకోకుండా, ఎదుటివాడు దాన్ని తిరిగి అప్పజెప్పేదాకా వదిలేవాడు కాదు కాబట్టి ఆ పిలుపు అతుక్కుంది. ఇక రెండు అన్నది ఆయనకి పిచ్చి. జేబులో రెండు పెన్నులు, సంచిలో రెండు కళ్లజోళ్లు, స్కూటరుకి రెండు తాళంచెవులు, అవి మళ్లీ వేర్వేరు జేబుల్లో. పెళ్లికి కూడా ఇద్దరు పెళ్లికూతుళ్లను అడిగే ఉంటాడని నర్సులు ఏడిపించేవాళ్లు. ఆ మాట ఎవరో ఆయన భార్య చెవిన వేస్తే, "నాకే ఇంకో మనిషి తోడుంటే సగం చాకిరీ అన్నా తప్పేది" అని ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఆయన కొలువు నేలమాళిగలో. కిటికీ లేని గది, మండుటెండల్లో కూడా స్వెట్టరు వేసుకోవాల్సినంత చలి, ఎప్పుడూ ఆగని ఫ్యాన్ల హోరు. ఇనుప అరల మధ్య ఒక యునిక్స్ సర్వర్, అంటే ఆస్పత్రి కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు. పైన ల్యాబులో పరీక్ష పూర్తికాగానే ఫలితం దాని లోపలికి వెళ్లి, అక్కణ్నుంచి వార్డులో నర్సు ముందున్న తెర మీదికి వచ్చేది. ఎక్స్‌రేలూ అంతే, మందుల చీటీలూ అంతే. అవన్నీ ఆ సర్వర్‌లోకి వచ్చిపోయే దారి ఒక నెట్‌వర్క్ కార్డు, దానికి తగిలించిన వైరు. ఆ వైరు తెగితే లోపల సర్వర్ ఎంత నిక్షేపంగా ఉన్నా ఆస్పత్రి దృష్టిలో అది చచ్చినట్టే. మాస్టారు చేరిన కొత్తలో ఒక ఎలక ఆ వైరుని కొరికేసింది. ఆ పూట డాక్టర్లూ నర్సులూ కాగితాలు పట్టుకుని మెట్ల మీద పెట్టిన పరుగులు చూశాక మాస్టారికి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

అందుకని రెండో కార్డు పెట్టాడు. దాని వైరుని వేరే గోడ గుండా లాగి, వార్డుల వైర్లు వచ్చి చేరే ఇంకో స్విచ్‌లో కలిపాడు. మొదటిది పడిపోతే రెండోది ఆ క్షణంలోనే పని అందుకునేలా సర్వర్‌కి నేర్పాడు. నేర్పి ఊరుకోలేదు. మేనేజరుని కిందికి పిలిచి, ల్యాబు పని జోరుగా సాగుతున్న వేళ, ఆయన కళ్లముందే మొదటి వైరు చేత్తో పీకేశాడు. మేనేజరుకి గుండె ఆగినంత పనైంది. పైన ఒక్క నర్సుకి కూడా ఏమీ తెలియలేదు. "ఎవరికీ తెలియకపోవడమే పనితనం సార్" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అదే మాట తన మెడకు చుట్టుకుంటుందని పాపం ఆయనకేం తెలుసు.

ఇందులో ఒక మెలిక ఉంది. పడిపోయిన వైరుని బాగుచేసి మళ్లీ తగిలిస్తే, పని దానికి తిరిగి ఇచ్చెయ్యాలా, అందుకున్నదాని దగ్గరే ఉంచాలా? సెట్టింగుల్లో ఒక్క మాటతో తేలిపోయే సంగతి అది, అవును లేదా కాదు. తిరిగి ఇవ్వక్కర్లేదని మాస్టారు కాదు అనే రాశాడు. పని చేతులు మారినప్పుడల్లా చిన్నదో పెద్దదో ఒక కుదుపు ఉంటుంది, అక్కర్లేని కుదుపు ఎందుకని ఆయన వాదన. తన దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి చేత ఈ సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయించాడు. "పడి లేచింది పక్కన నిలబడాలమ్మా. నడుస్తున్నదాన్ని కదపకూడదు. అది పడినప్పుడే దీని వంతు."

ఆ అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవాళ్లు. మనిషి పిడికెడంత, మాట గలగలా, ఒకచోట కాలు నిలవదు. చెప్పింది వినేది గానీ అడగాల్సింది అడక్కుండా ఉండేది కాదు. "మాస్టారూ, వైరు బతికుందో లేదో మన సర్వర్ కార్డు మీద దీపం చూసి తెలుసుకుంటుంది కదా. దీపం వెలుగుతూ కూడా అవతలికి ఏమీ పోకపోతే? మధ్యమధ్య అవతలివాణ్ణి పలకరించి, జవాబు వస్తోందో లేదో చూసేలా పెడదామా?" అని ఒకసారి అడిగింది.

"దీపం అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు మాస్టారు, ఆ పలకరింపుల బెడద తనకి తెలుసన్నట్టు. పిచ్చుక మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

అన్నీ ఇలా తూచా తప్పకుండా నడుస్తున్న రోజుల్లో మాస్టారి వెన్ను విరిగింది. స్కూటరు మీంచి పడ్డాడు. స్పేరు తాళంచెవి ఏ జేబులో ఉన్నా వెన్నెముకకి స్పేరు ఉండదు కదా. తన ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేశారు. వెల్లకిలా పడుకోబెట్టి, కదిలితే ఊరుకోం అన్నారు. నెలలు గడిచాయి. ఆయన మంచానికి ఎదురుగానే నర్సు కూర్చునే బల్ల, దానిమీద తెర. చెయ్యడానికి ఇంకేమీ లేక పొద్దస్తమానం ఆ తెరకేసి చూస్తూ పడుకునేవాడు. అది ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. మొదట్లో ఆయన ఛాతీ పొంగింది. తర్వాత తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు గానీ, ఒక్కసారి ఆగితే బాగుండునని మనసులో అనుకున్నాడు. ఆగితే ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి తనని అడుగుతారు కదా.

ఎవరూ రాలేదు. పిచ్చుక మాత్రం రోజూ వచ్చి పలకరించి వెళ్లేది. ఒకరోజు నవ్వుతూ చెప్పింది. "మొన్న మన మొదటి కార్డు చచ్చిపోయింది మాస్టారూ. రెండోది అందుకుంది. నాకు మెసేజి వచ్చింది కాబట్టి తెలిసింది గానీ పైన ఒక్కళ్లకీ తెలీదు. కొత్త కార్డు పంపమని కంపెనీకి రాశాను, వస్తుంది." ఆ మాట విన్న నర్సు, "మీరు లేకపోయినా ఏదీ ఆగలేదండీ, ఎంత బాగా పెట్టారో" అని మెచ్చుకుంది. మాస్టారు గోడవైపు తిరుగుదామనుకున్నాడు. వెన్ను తిరగనివ్వలేదు.

నడుముకి పట్టీ కట్టుకుని ఆయన మళ్లీ పనిలోకి వచ్చిన రోజున పిచ్చుక కుర్చీలోంచి చప్పున లేచింది. ఆ కుర్చీ ఆయనది. కూర్చునే చోట నొక్కుకుపోయి ఆయన ఆకారానికి వచ్చేసిన కుర్చీ. "రండి మాస్టారూ, కూర్చోండి" అంది. "పర్వాలేదు, నువ్వే కూర్చోమ్మా" అన్నాడు మర్యాదకి. ఇంకోసారి అడుగుతుంది, అప్పుడు కూర్చుందామని ఆయన లెక్క. ఆ పిల్ల మాటని మాటగానే తీసుకుని కూర్చుంది. చేతిలో పని ఉంది మరి. మాస్టారికి మూలన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ మిగిలింది. పాస్‌వర్డులు మారాయి, అడిగితే క్షణం ఆలోచించకుండా చెప్పింది. అరల్లో వైర్లు మళ్లీ సర్ది, కొత్త చీటీలు అంటించింది. సర్దుడు బాగానే ఉంది. ఆ బాగుండడమే ఆయనకి మింగుడుపడలేదు.

ఇంట్లో ఇంకా అధ్వాన్నం. ఆయన భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. ఆయన మంచం పట్టినప్పుడు ఆవిడ కొంగు బిగించి ఇల్లంతా ఒంటిచేత్తో అందుకుంది. కరెంటు బిల్లు, గ్యాసు, కూతురి స్కూలు, నీళ్ల మోటారు, పాడైన కుళాయి, అన్నీ. ఇప్పుడు ఈయన లేచాడు. లేచినవాడికి తన పనులు తనకి కావాలనిపిస్తుంది కదా. ఒకరోజు పొద్దున్నే పాత అలవాటు కొద్దీ వెళ్లి మోటారు వేశాడు. ఆవిడ అప్పటికే వేసి, ట్యాంకు నింపి, ఆపేసింది. నీళ్లు మేడ మీంచి పొర్లి కిందింటావిడ ఆరేసిన దుప్పట్లన్నీ తడిశాయి. కిందింటావిడ నోరు మామూలు నోరు కాదు.

"మీకెందుకండీ ఈ శ్రమ? నేను చూసుకుంటున్నాను కదా" అంది భార్య, గొంతులో విసుగేమీ లేకుండా.

"ఇన్నాళ్లూ నేను చూసుకున్నదే కదా."

"కాదని ఎవరన్నారు? ఇప్పుడు అలవాటైపోయింది. మళ్లీ మీరు కొన్ని, నేను కొన్ని అంటే ఇద్దరికీ తికమక." ఆవిడ సంచి భుజాన వేసుకుంది. "స్కూలుకి కూడా నా నంబరే ఇచ్చాను. ఏదైనా ఉంటే నాకే చేస్తారు. మీరు హాయిగా ఉండండి."

ఇద్దరూ ఒకే పని మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో మాస్టారికి వేరే చెప్పాలా. రెండు కార్డులూ ఒకేసారి నేనంటే నేనని పనికి ఎగబడితే సర్వర్ ఏ గతి పడుతుందో ఆయనే అందరికీ పాఠం చెప్పాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా ఆయన సూత్రమే. అయినా ఆ హాయిగా అన్న మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక రెండు పెన్నుల్లో ఒకదాని క్యాపు నమిలేశాడు. పోనీలే, స్కూల్లో ఎలాగూ రెండో నంబరు ఉంటుంది, అది నాదే కదా అని సర్దిచెప్పుకున్నాడు. తనకి ఇంకా ఒక చోటుందని నమ్మడానికి ఆయనకి మిగిలింది అదొక్కటే.

కొత్త కార్డు ఆ వారమే వచ్చింది. కంపెనీ మనిషి పొద్దున్నే వచ్చి, సర్వర్ ఆపకుండానే బిగించి వెళ్లాడు. "నేను పిల్లల వార్డులో ప్రింటరు సంగతి చూసి వస్తా మాస్టారూ. వచ్చాక ఇద్దరం కలిసి వైరు పెడదాం" అంది పిచ్చుక, మెట్లెక్కుతూనే.

ఇద్దరం కలిసి. తను పుట్టించిన వ్యవస్థకి తను ఒక వైరు తగిలించడానికి ఇంకొకరు తోడు రావాలా అని మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. ఆయన లేచాడు. మొదటి వైరు వెళ్లాల్సిన స్విచ్ అట్టడుగు అరలో ఉంది. చీటీలు చదవాలంటే వంగాలి, పట్టీ కట్టిన నడుము వంగదు. చదవడం ఎందుకు? కుడివైపు చివరి రంధ్రం. ఏళ్ల తరబడి తన వైరు ఉన్న చోటు, కళ్లకి గంతలు కట్టినా చెయ్యి అక్కడికే పోతుంది. ఇప్పుడు అందులో ఇంకేదో వైరు ఉన్నట్టు చేతికి తగిలింది. దాన్ని లాగి పక్కన పడేసి, తనది తోశాడు. క్లిక్కుమంది. పై అరలో కార్డు మీద పచ్చదీపం వెలిగింది. ఎన్నాళ్లకో ఆయన ముఖం విప్పారింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. పాత సెట్టింగు ప్రకారం ఆ కార్డు దీపం వెలిగించుకుని పక్కన నిలబడేది, పని రెండోదాని దగ్గరే ఉండేది. మాస్టారు తన కుర్చీలో, అవును, తన కుర్చీలోనే కూర్చుని, సెట్టింగుల ఫైలు తెరిచాడు. కాదు అన్న మాట కనిపించింది. తను రాసిన మాటే. దానికేసి కాసేపు చూశాడు. ఎందుకు పక్కన నిలబడాలి అనుకున్నాడు. దాని తప్పేముంది? పడింది, లేచింది, పనికి సిద్ధంగా ఉంది. ఆ మాట చెరిపేసి అవును అని రాశాడు. కొత్త సెట్టింగు చదువుకోమని సర్వర్‌కి చెప్పాడు. అది చెప్పినట్టే విని, రెండో వైరు చేతిలోంచి పని తీసుకుని మొదటిదానికి ఇచ్చేసింది.

ఆ రంధ్రం ఇప్పుడు ఆయనది కాదు. ఆయన మంచంలో ఉండగా పిచ్చుక వైర్లన్నీ సర్దినప్పుడు, ఖాళీగా పడి ఉంది కదా అని దాన్ని సందర్శకుల హాలు ఇంటర్నెట్‌కి కేటాయించింది. రోగుల తాలూకు జనం కూర్చుని ఫోన్లలో సినిమాలు చూసుకునే దారి అది. అక్కణ్నుంచి వార్డులకీ ల్యాబుకీ వెళ్లే వీల్లేదు. పైగా సర్వర్ చూసేది దీపాన్నే. దీపం పచ్చగా వెలుగుతోంది కాబట్టి అంతా సవ్యంగా ఉందని నమ్మి కూర్చుంది.

గోడమీద ఫోను మోగింది. ల్యాబు. అది పెట్టేలోపు మళ్లీ మోగింది. ఎమర్జెన్సీ. తెరలు బిగుసుకుపోయాయని ఒకరు, ఎక్స్‌రే రావడం లేదని ఒకరు. మాస్టారు కార్డు వైపు చూశాడు. దీపం వెలుగుతోంది. ఇంకోసారి చూశాడు. ఆయన బుర్ర పనిచెయ్యడం మానేసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అని ఫోన్లో అన్నాడు. అవతలివాళ్లకి ఒళ్లు మండిపోయింది. ఈలోపు ఆపరేషన్ థియేటరు నర్సు చేతికి గ్లవుజులతోనే మెట్లు దిగి వచ్చింది. బల్లమీద మనిషిని కోసి ఉంచామనీ, రక్తం గ్రూపు ఫలితం తెరమీదికి రావడం లేదనీ చెప్పింది.

ఆవిడ వెనకాలే పిచ్చుక దూసుకొచ్చింది. తెర చూసింది, కార్డు చూసింది, అడుగు అరకేసి వంగి ఒక్క చూపు చూసింది. పచ్చదీపం వెలుగుతున్న ఆ వైరుని పట్టుకుని పీకేసింది. దీపం ఆరింది. సర్వర్ రెండోదానికి మళ్లింది. పైన తెరలు కదిలాయి. ఫోన్లు ఆగిపోయాయి. థియేటరు మనిషి బతికాడని తర్వాత తెలిసింది. ఆ తెలిసేదాకా మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేదు.

"నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది మాస్టారూ" అంది పిచ్చుక, చాలా మెల్లిగా.

"నా చోటే కదా అనుకున్నానమ్మా."

మేనేజరు దిగివచ్చి ఏమైందని గద్దించినప్పుడు ఆ పిల్లే, "కొత్త కార్డు మొరాయించిందండీ, తీసి పక్కన పెట్టాం" అంది. రెప్పవెయ్యకుండా ఆడింది ఆ అబద్ధం. తిట్టినా భరించేవాడేమో గానీ, ఆ కాపాడటం మాస్టారిని నిలువునా కోసేసింది. ఆయన పడ్డాడు, ఆ పిల్ల అందుకుంది, బయట ఎవరికీ తెలియలేదు. ఇదే కదా తను కోరిన పనితనం.

మేనేజరు చెడ్డవాడు కాడు. మాస్టారి ముఖం పాలిపోయి ఉండడం చూసి భుజం తట్టాడు. "మీ ఆరోగ్యం ముఖ్యం. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. ఇక్కడ అమ్మాయి చూసుకుంటుంది" అన్నాడు. మాస్టారు వెళ్లబోతూ, పిచ్చుకని కాస్త లేవమని, నిలబడే సెట్టింగుల ఫైలు తెరిచి, అవును చెరిపి మళ్లీ కాదు అని రాశాడు. "నువ్వు చెప్పిన ఆ పలకరింపు కూడా పెట్టెయ్యి. దీపాన్ని నమ్మకు" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. ఎవరూ లేరు. ఆ వేళప్పుడు తన ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు. గచ్చు మీద ఎండ, గోడ గడియారం చప్పుడు. బల్లమీద ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఛార్జింగు నిండుగా ఉంది, సిగ్నల్ నిండుగా ఉంది. పిచ్చుకకి ఏదైనా సందేహం వచ్చి చేస్తుందేమోనని ఎదురుచూశాడు. ఎదురుచూస్తున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం కాకుండానే తలుపు చప్పుడైంది. తీస్తే బావమరిది, అతని పక్కన చేతికి కట్టుతో కూతురు. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"బావా, మీరు ఇంట్లోనే ఉన్నారా?" అన్నాడు బావమరిది, తెల్లబోయి. "స్కూల్లో మెట్ల మీంచి జారిందట. అక్క ఫోను దుకాణంలో సొరుగులో ఉందేమో, ఎత్తలేదు. నాకు చేశారు. నేను ఊరికి ఆ చివర ఉన్నాను, పడుతూ లేస్తూ వచ్చేసరికి ఇంతసేపైంది. ఎముక విరగలేదులెండి, బెణికింది."

ఆ స్కూలు మాస్టారి ఇంటి వీధి చివరే. నడుము పట్టీతో నడిచినా ఒక టీ తాగేలోపు చేరుకోవచ్చు. పిల్ల అంతసేపూ ఆఫీసు గది బెంచీ మీద ఏడుస్తూ కూర్చుంది.

"నాకు చెయ్యలేదే" అన్నాడు ఆయన.

బావమరిది తల దించుకుని చెప్పులు సర్దుకున్నాడు. పిల్లే చెప్పింది, దాచడం తెలియని వయసు. "నీ నంబరు వాళ్ల దగ్గర లేదు నాన్నా. నువ్వు మంచంలో ఉన్నప్పుడు అమ్మ తీసేసి మామయ్యది ఇచ్చింది. వాళ్లు రెండే అడుగుతారు."

కాసేపటికి భార్య ఆయాసపడుతూ వచ్చింది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది, కట్టు తడిమింది, తమ్ముడికి మంచినీళ్లిచ్చింది. అప్పుడు చూసింది భర్త వైపు. ఆయన ముఖంలో ఏం కనిపించిందో గానీ ఆవిడకి విషయం అర్థమైంది. నొచ్చుకుంది కూడా.

"అప్పటి హడావిడిలో మార్చానండీ. తర్వాత గుర్తే లేదు. రేపు వెళ్లి మీ నంబరు పెట్టించనా?"

పచ్చదీపం, పీకేసిన వైరు, థియేటరు నర్సు గ్లవుజులు మాస్టారి కళ్లముందు మెదిలాయి.

"వద్దులే. నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకు" అన్నాడు.

అని, ఆవిడ ఇంకోసారి అడుగుతుందేమోనని చూశాడు. ఆవిడ సరేనని తలూపి, పిల్లకి పాలు వేడిచెయ్యడానికి లోపలికి వెళ్లింది.